ఎవరి వాడుక? — విజ్ఞాన సర్వస్వంలో పేర్ల సమస్య

విజ్ఞాన సర్వస్వాలకు పక్షపాతం వుండదనే అభిప్రాయం మన విద్యావంతులలో చాలాకాలంగా పాతుకొని వున్నది. కావ్యానికి వర్గస్వభావం వుంటుందని ఒప్పుకొనే విమర్శకుడు కూడా, అకారాది క్రమంలో పేర్చిన పేర్ల పట్టికకు వర్గస్వభావం వుంటుందంటే నవ్వి ఊరుకొంటాడు. పట్టిక పట్టికే కదా, అందులో కవి హృదయం ఎక్కడ వుంటుంది అంటాడు. ఈ నమ్మకాన్ని నేడు మళ్ళీ పరీక్షించవలసి వున్నది. ఎందుచేతనంటే ఈనాటి తెలుగు విద్యార్థి ఒక ఊరిని గురించి గాని, ఒక మనిషిని గురించి గాని, ఒక పంటను గురించి గాని తెలుసుకోదలచినప్పుడు తరచుగా తెరిచేది గ్రంథాలయంలోని సంపుటాన్ని కాదు. ఎవరైనా వ్రాయగల, ఎవరైనా దిద్దగల తెలుగు వికీపీడియాను. 2003 డిసెంబరులో ప్రారంభమైన ఈ ఉమ్మడి గ్రంథానికి సంపాదకమండలి లేదు, పోషించే జమీందారు లేడు. వ్రాసేవారు జీతం పుచ్చుకోరు. ఇంతటి ప్రజాస్వామిక నిర్మాణం మన భాషలో మునుపెన్నడూ లేదు. కనుకనే దానిలో పేర్లు పెట్టే పద్ధతిని మనం మెచ్చుకొని ఊరుకోరాదు, విమర్శించి తెలుసుకోవాలి.

పేరు సమస్య కొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాదిగా ఆరంభించారు. 1923లో ఆయన మరణించేనాటికి వెలువడినవి మూడే సంపుటాలు. అవి వర్ణమాలలో తొలి అక్షరాలను దాటి పోలేదు. అకారాది గ్రంథంలో ఒక విషయానికి ఏ పేరు పెడతారన్నది చిన్న సంగతి కాదు. "వేరుశనగ" అని పేరు పెడితే ఆ విషయం వకారం దాకా ఆగాలి. "పల్లీ" అంటే పకారంలోనే వస్తుంది. తరువాత వచ్చిన తెలుగు భాషా సమితి తన విజ్ఞాన సర్వస్వాన్ని విషయాలవారీగా విభజించింది. హైదరాబాదులో వెలువడిన సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశము మళ్ళీ అకారాదినే అనుసరించింది. ఈ గ్రంథాలన్నింటిలోనూ పేరు నిర్ణయించే అధికారం కొద్దిమంది పండితుల చేతిలో వుండేది. వారి నిర్ణయం ఒకసారి అచ్చయిందంటే పాఠకునికి అప్పీలు లేదు.

వికీపీడియాలో ఈ అధికారం చేతులు మారింది. ప్రతి విషయానికీ ఒకే పేజీ, ప్రతి పేజీకీ ఒకే శీర్షిక. ఆ శీర్షికే ఆ పేజీకి చిరునామా కూడా. అదే విషయానికి మరొక పేరు వుంటే దానిని దారిమార్పు పేజీగా నిలుపుతారు; ఆ పేరుతో వెదికినవాడు నేరుగా అసలు పేజీకి చేరుతాడు. ఒకే పేరుగల వస్తువులు అనేకం వుంటే అయోమయ నివృత్తి పేజీ అని ఒకటి పెడతారు. శీర్షిక సరిగా లేదని తోచినవాడు చర్చ పేజీలో వాదించవచ్చు, పేజీని మరొక పేరుకు తరలించవచ్చు. ఇక ఏ పేరు పెట్టాలన్నదానికి ఆంగ్ల వికీపీడియా వారు ఐదు లక్షణాలు చెప్పుకొన్నారు. పేరు పాఠకుడు గుర్తుపట్టగలిగేదై వుండాలి, సహజంగా వుండాలి, మరొకదానితో పొరపడకుండా స్పష్టంగా వుండాలి, క్లుప్తంగా వుండాలి, అదే కోవలోని తక్కిన పేర్లతో పొందిక కలిగి వుండాలి. వీటన్నింటి సారం ఒక్క మాటలో చెప్పాలంటే, అధికారికమైన పేరు కన్న వాడుకలోని పేరు మిన్న.

ఈ సూత్రం వినగానే మనకు సంతోషం కలుగుతుంది. కలగడం సహజం కూడా. వాడుక భాషకోసం గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన పోరాటానికి వారసులమని చెప్పుకొనేవాళ్ళం మనం. "వాడుకలో వున్న పేరే శీర్షిక" అన్న నియమం పండితుని చేతినుంచి కొరడాను లాగివేసింది. "గణనయంత్రం" అన్న పేరుకు బదులు "కంప్యూటర్" అని వ్రాసే హక్కును, "పుస్తకము" చివరి మువర్ణాన్ని వదిలి "పుస్తకం" అనే హక్కును ఆ నియమమే ఇచ్చింది. బిరుదులనూ అది లెక్కచేయదు. ఎంతటి పెద్దమనిషికైనా శీర్షికలో ముందు "శ్రీ" గాని వెనుక "గారు" గాని చేర్చరాదు. జమీందారుకూ, అతని పాలేరుకూ శీర్షికలో ఒకే మర్యాద. ఇది చిన్న విజయం కాదు. దీనిని కాదనేవారితో నాకు ఏకీభావం లేదు.

ఐతే వాడుక అంటే ఎవరి వాడుక? అసలు చిక్కు ఇక్కడనే వున్నది. వికీపీడియాలో వ్రాసేవాడు వీధిలోకి వెళ్ళి వాడుకను లెక్కించడు, లెక్కించకూడదు కూడా. సొంత పరిశోధనకు ఆ గ్రంథంలో చోటు లేదు. అచ్చయిన పుస్తకాలలో, పత్రికలలో, ప్రభుత్వ నివేదికలలో ఏ పేరు ఎక్కువగా వున్నదో దానినే అతడు వాడుకగా తీసుకొంటాడు. అంటే అక్కడ "వాడుక" అన్న మాటకు అర్థం "అచ్చు" అని. నోటికీ అచ్చుకూ నడుమ వున్న దూరం మన సమాజంలో ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. ఎవరికి అచ్చుయంత్రం అందిందో వారి వాడుకకు సాక్ష్యం వున్నది. అందనివారి వాడుక, అది లక్షలమంది నోట వున్నా, సాక్ష్యం లేని వాడుక అవుతుంది. నియమంలో పక్షపాతం లేదు. నియమం చేతికి అందే సామగ్రిలో వున్నది.

వేరుశనగనే తీసుకోండి. తెలంగాణంలో పల్లీలంటారు. రాయలసీమలో శెనక్కాయలంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. పాఠ్యపుస్తకాలలో, వ్యవసాయశాఖ కరపత్రాలలో ఎక్కువగా కనబడేది వేరుశనగ. కనుక శీర్షిక వేరుశనగే అవుతుంది. అందులో దోషమేమీ లేదు, ఏదో ఒక పేరు పెట్టక తప్పదు కనుక. కాని ఆ పంట మీద బ్రతికే అనంతపురం రైతు "బుడ్డలు" అని వెదికినప్పుడు ఏమీ దొరకకపోతే, ఆ గ్రంథం అతనికి చెప్పేదేమిటి? నీ నోటి మాట తెలుగు కాదు అనే. చదువు రానివానిని వెక్కిరించే పాతకాలపు పంతులు కూడా ఇదే మాట చెప్పేవాడు.

అలాగని నోటిమాట ఏదైతే అదే శీర్షిక కావాలని నేననడం లేదు. తెలంగాణ పల్లెలో "పట్నం పోయిండు" అంటే హైదరాబాదు పోయినాడని అర్థం. ఒకప్పుడు కోస్తా జిల్లాలలో పట్నమంటే చెన్నపట్నం. విశాఖ చుట్టుపక్కలవారికి పట్నమంటే విశాఖపట్నమే. ముగ్గురి వాడుకా నిజమైనదే. కాని శీర్షికగా ఏ ఒక్కటీ పనికిరాదు. స్పష్టత అనే లక్షణం అవసరమైనదే. అన్ని నియమాలనూ కుట్రలుగా చూసేవాడు విమర్శకుడు కాదు.

పాలమూరు సంగతి వేరు. 1890లో నైజాము ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట ఆ ఊరు మహబూబ్‌నగర్ అయినది. కాగితాలలో అదే స్థిరపడింది. కాని దేశమంతటా ఆనకట్టలూ కాలువలూ తవ్విన ఆ జిల్లా వలస కూలీలు తమను పాలమూరువారనే చెప్పుకొన్నారు. "పాలమూరు కూలి" అన్న మాట ఆ చెమటలోనుంచే పుట్టింది. రాజు పెట్టిన పేరు కాగితం మీద నిలిచింది, కూలి పలికిన పేరు నోట నిలిచింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత పేర్లను వెలికితీయడమే ప్రగతి అనుకొంటే పొరబాటు. హైదరాబాదును భాగ్యనగరంగా మార్చాలని ఇటీవలి ఎన్నికల సభలలో వినబడుతున్న కోరిక పనిచేసేవారి నోట బ్రతికిన పేరును కాపాడే కోరిక కాదు. ఒక మతం వారిని పరాయివారిని చేసే కోరిక. రెండూ "పాత పేర్లే" అని ఒకే గాట కట్టరాదు. ఏ పేరును ఎవరు పలుకుతున్నారు, ఎందుకు పలుకుతున్నారు అని అడగకుండా పేరు మంచిచెడ్డలు తేలవు.

మనుషుల పేర్లకు వస్తే ఈ ప్రశ్న మరింత వాడి అవుతుంది. పుచ్చలపల్లి సుందరయ్యగారికి తలిదండ్రులు పెట్టిన పేరులో కులాన్ని తెలిపే "రెడ్డి" వున్నది. ఆయన దానిని వదలివేశారు. లోకం ఆయన నిర్ణయాన్ని మన్నించింది. పుస్తకాలలోనూ పత్రికలలోనూ ఆయన సుందరయ్యే. కనుక శీర్షిక కూడా అదే. ఆ నిర్ణయం గొప్పది, సందేహం లేదు. కాని ఆయన పాల్గొని నడిపిన తెలంగాణ రైతాంగ పోరాటంలోనే, విసునూరు దేశముఖును ఎదిరించి పాలకుర్తిలో తన పంటను నిలబెట్టుకొన్న స్త్రీ ఒకతె వున్నది. ఆమె ఇంటిపేరు చిట్యాల. ఆమెను మనం ఏమని పిలుస్తున్నాము? చాకలి ఐలమ్మ అని.

ఈ రెండు పేర్లనూ పక్కపక్కన వుంచి చూస్తే మన సమాజం కళ్ళకు కట్టినట్లు కనబడుతుంది. పై కులంలో పుట్టినవాడు కులాన్ని పేరునుంచి తీసివేయగలిగాడు. తీసివేసినందుకు గౌరవం పొందాడు. కింది కులంలో పుట్టిన ఆమెకు కులమే ఇంటిపేరు అయినది. తీసివేయాలా వుంచుకోవాలా అని ఆమెను ఎవరూ అడిగినట్లు కనబడదు. దొర గడి ముందర ఏ మాటతో పిలిచేవారో ఆ మాటే పాటలలోకి, పుస్తకాలలోకి, చివరకు విజ్ఞాన సర్వస్వంలోకి వచ్చింది. "వాడుకలోని పేరు" అన్న నిష్పాక్షిక నియమం ఇద్దరికీ సమానంగానే వర్తించింది. ఫలితం మాత్రం సమానం కాలేదు.

మరి శీర్షికను చిట్యాల ఐలమ్మ అని మార్చివేద్దామా? ఇక్కడ ఆవేశపడరాదు. 1985లో ఆమె కన్నుమూసిన తరువాత ఈ నాలుగు దశాబ్దాలలో ఆ పేరు చరిత్ర మారింది. ఏ మాటను దొరలు చిన్నచూపుతో పలికారో ఆ మాటనే వృత్తికులాలవారు తమ జెండా మీద వ్రాసుకొన్నారు. చాకలి అన్న మాటను దాచిపెట్టి ఆమెను కీర్తించడం, పోరాడిన కులాన్ని చరిత్రనుంచి తప్పించడమేనని వారు వాదిస్తారు. ఆ వాదంలో బలమున్నది. 2024లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు కూడా చాకలి ఐలమ్మ అనే పెట్టింది. కాబట్టి వారు గర్వంగా ఎత్తిపట్టుకొన్న పేరును గదిలో కూర్చున్న అధ్యాపకుడు సంస్కరణ పేరిట లాగివేయడం కూడా ఒక విధమైన దొరతనమే. శీర్షిక చాకలి ఐలమ్మగానే వుండాలి. కాని చిట్యాల ఐలమ్మ అన్న దారిమార్పు వుండితీరాలి. వ్యాసపు మొదటి వాక్యంలోనే ఆమె ఇంటిపేరు కనబడాలి. ఒకే పేరు అవమానంనుంచి అభిమానానికి ఎలా నడచివచ్చిందో వ్యాసంలో ఒక పేరా వుండాలి. పేరు చరిత్ర చెప్పకుండా పేరు మాత్రమే చెప్పడం సగం సత్యం.

ఇంతవరకు ప్రభుత్వపు పేరు ఒకవైపు, ప్రజల పేరు ఒకవైపు అన్నట్లు చెప్పుకొంటూ వచ్చాము. ఎల్లప్పుడూ అలాగే వుంటుందనుకొంటే అది యాంత్రికమైన ఆలోచన. కోనసీమ ఇందుకు ఉదాహరణ. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు కోరగా, ప్రభుత్వం మే నెలలో ఆ ప్రతిపాదనను ప్రకటించింది. మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దన్న గుంపులు ఒక మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుని ఇంటికీ నిప్పు పెట్టాయి. ఆ ఏడాదిలోనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు ఖాయమైనది. అదే విభజనలో మరొక జిల్లా ఎన్టీఆర్ పేరిట ఏర్పడింది. అక్కడ ఇళ్ళు తగలబడలేదు.

ఇప్పుడు వాడుక నియమాన్ని కళ్ళు మూసుకొని ప్రయోగించే సంపాదకుడు ఏమంటాడు? పేరు పొడుగ్గా వున్నది, క్లుప్తత లేదు, జనం కోనసీమ జిల్లా అనే అంటున్నారు, అంబేద్కర్ పేరు తీసివేద్దాం అంటాడు. అతని మనసులో ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. కాని అతడు లెక్కించే వాడుకలో, బద్ధకంవల్ల పొట్టిగా పలికేవాడూ వున్నాడు, ఆ పేరు పలకడం ఇష్టంలేక మానుకొన్నవాడూ వున్నాడు. ఇద్దరినీ ఒకే అంకెగా కూడితే వచ్చే మొత్తానికి నిష్పాక్షికత అని పేరు పెట్టలేము. పేరే పోరాటానికి కారణమైన చోట వాడుక సాక్షి కాదు, కక్షిదారు. ఈ చిక్కుకు పరిష్కారం సులభంగానే వున్నది. గోదావరి పాయల నడుమ, సముద్రం దాకా పరచుకొన్న కోనసీమ అనే నేల ఒకటి; చట్టం సృష్టించిన జిల్లా మరొకటి. నేలకు జనం పెట్టిన పేరు వుండనివ్వాలి. చట్టం సృష్టించిన జిల్లాకు చట్టం పెట్టిన పూర్తి పేరు వుండాలి. రెండు వస్తువులను ఒకటిగా చూసినందువల్లనే వాదం పుట్టింది.

చట్టం పేర్లను నమ్మడంలో మరొక ప్రమాదమున్నది. కడప 2010లో వైఎస్ఆర్ జిల్లా అయినది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయినది. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయినది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా శీర్షిక మారితే విద్యార్థికి దిక్కు తెలియదు. ఇక పల్లెల మాట. మన రెండు రాష్ట్రాలలోని గ్రామాలకు వేలకు వేలుగా పేజీలున్నవి. రామాపురం, కొత్తపల్లి వంటి పేర్లు ఎన్నో ఊళ్ళకు వుండడంవల్ల పక్కన బ్రాకెట్లలో మండలం పేరు చేర్చుతారు. మండలాలు 1985 నాటివి. తెలంగాణంలో 2016 నుంచి జిల్లాలతోపాటు మండలాలూ ఎన్నో కొత్తగా ఏర్పడినవి. ఊరు కదలకుండానే దాని శీర్షిక కదలవలసి వచ్చింది. ఇదంతా ఓపిక వుంటే సర్దుకొనే పని.

సర్దుకోనిది మరొకటి. ఊళ్ళ పేర్లకు ప్రధానాధారం 2011 జనాభా లెక్కల పట్టిక. ఆ పట్టికలో వుండేవి రెవెన్యూ గ్రామాలు. శిస్తు వసూలుకోసం గీసిన హద్దులు అవి. మనిషి ఒక్కడు కూడా లేని నిర్జన గ్రామానికి ఆ పట్టికలో పేరూ సంఖ్యా వున్నవి. కాబట్టి దానికి పేజీ పుట్టగలదు. వందల గడపలున్న తండాకు, గూడేనికి, ఊరి చివరి వాడకు ఆ పట్టికలో విడిగా పేరు లేదు. కాబట్టి వాటికి పేజీ పుట్టదు. శిస్తు వున్నచోట పేరు వున్నది, మనుషులున్నచోట లేదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం అనేక తండాలనూ గూడేలనూ పంచాయతీలుగా గుర్తించినప్పుడుగాని వాటి పేర్లకు కాగితం మీద నిలువనీడ దొరకలేదు. నియమావళి ఎంత ప్రజాస్వామికమైనదైనా, ఆధారంగా తీసుకొన్న పట్టిక తహసీల్దారుదైతే, ఆ పట్టికలోని చూపే గ్రంథానికీ వస్తుంది.

ఈ స్థితికి మందు ఏమిటి? నియమాన్ని పారవేయడం కాదు. ఆధారాలు అక్కరలేదంటే బలమున్నవాడు ఏది వ్రాస్తే అదే నిలుస్తుంది. అప్పుడు నష్టపోయేది మళ్ళీ బలహీనుడే. మందు ఆధారాలను పెంచడంలో వున్నది. ఇందుకు మనకు మార్గం చూపినవాడు గిడుగువారే. పర్లాకిమిడిలో వుండి కొండలలోని సవరల భాషను నేర్చి ఆయన వ్రాసిన వ్యాకరణం 1931లో ఆంగ్లంలో వెలువడింది. దాని పేరులో "సొర" అన్న మాట ముందు వున్నది; "లేక సవర" అన్నది బ్రాకెట్లలో వున్నది. ఆ జనం తమను తాము పిలుచుకొనే పేరు మొదట. మైదానపువారు వారిని పిలిచే పేరు తరువాత. మైదానపు పేరును ఆయన కొట్టివేయలేదు, ఎందుకంటే దానితో వెదికేవాడికి కూడా పుస్తకం దొరకాలి. శీర్షికా, దారిమార్పూ అన్న రెండు సాధనాలూ ఆ ఒక్క పేరులో వున్నవి. అంతకన్న ముఖ్యం, ఆయన ఆ పేరును అచ్చులోకి తెచ్చారు. అచ్చులోకి వచ్చింది కనుకనే నేడు ఎవరైనా "సొర" అన్న పేరును ఆధారంతో సమర్థించగలరు. గోండులు తమను కోయితూర్ అని చెప్పుకొంటారు. ఆ మాటకూ ఇదే న్యాయం జరగాలి.

"శీర్షిక ఏదైతేనేమి, లోపలి విషయం సరిగా వుంటే చాలదా?" అనే మిత్రులున్నారు. లోపలి విషయం దాకా మనిషి రావాలంటే ముందు తలుపు దొరకాలి. వెదికిన పేరు దొరకనివాడు లోపలికి రానే రాడు. "ఆకలి, భూమి, కూలి సమస్యలుండగా పేర్ల గొడవ దేనికి?" అనే మిత్రులూ వున్నారు. పాలకుర్తిలో భూమికోసం జరిగిన పోరాటాన్నీ, ఆ పోరాటం చేసిన మనిషి పేరునూ విడదీయలేమని పైన చూశాము. అమలాపురంలో తగలబడినవి పేరు కారణంగానే తగలబడినాయి.

కాబట్టి మన కళాశాలలలోని విద్యార్థులూ అధ్యాపకులూ చేయదగిన పని స్పష్టంగానే వున్నది. తెలుగు శాఖలలో ఏటేటా ఎన్నో సిద్ధాంత వ్యాసాలు తయారవుతున్నవి. ప్రబంధాలలోని వర్ణనల మీద వచ్చే పదవ వ్యాసానికి బదులు ఒక మండలంలోని తండాల, గూడేల, వాడల పేర్లను, అక్కడివారు పలికే తీరుననుసరించి సేకరించిన వ్యాసం ఒకటి రావాలి. పంటలకూ పనిముట్లకూ చేపలకూ జబ్బులకూ జిల్లా జిల్లాలో వున్న పేర్లు అచ్చులోకి రావాలి. అవి వచ్చిన నాడు విజ్ఞాన సర్వస్వంలో ఒక్కొక్క పేరుకూ దారిమార్పు పెట్టడం అరనిమిషం పని. ఆ అరనిమిషం పనిని ఎవరూ ఆపలేరు, ఎందుకంటే ఆ గ్రంథపు తలుపులు తెరిచే వున్నవి. లోపలికి తీసుకొనిపోవలసిన ఆధారాలే ఇంకా మన చేతిలో లేవు. అవి పల్లెలలో మనుషుల నోళ్ళలో వున్నవి.